లక్షద్వీప్‌లో స్నార్కెలింగ్ సెలవు: పగడానికి హాని లేకుండా, ద్వీపం ఊళ్లతో కలిసి గడపడానికి సమగ్ర మార్గదర్శి

లక్షద్వీప్‌లో ఎక్కడ నిలబడినా మీ కాళ్ల కింద ఉన్నది పగడమే. అక్కడ కొండ లేదు, నది లేదు, మనకు తెలిసిన మట్టి లేదు. పగడాలు వేల ఏళ్లుగా కట్టుకుంటూ వచ్చిన సున్నపు దిబ్బ, దాని మీద అలలు తెచ్చి పోసిన తెల్ల ఇసుక, ఆ ఇసుకలో కొబ్బరి తోటలు, తోటల నీడన ఊళ్లు. ద్వీపాలన్నీ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లే. వాటి చుట్టూ దిబ్బ కాపు కాసే లోతు తక్కువ సముద్రం, అంటే లగూన్, సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు. జనం ఉండేది 10 ద్వీపాల్లో. 2011 లెక్కల ప్రకారం 64,473 మంది.

2024 జనవరిలో ప్రధాని అక్కడ స్నార్కెలింగ్ (మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడటం) చేసిన ఫొటోలు బయటికొచ్చాక "మాల్దీవులు బాగుంటాయా, లక్షద్వీప్ బాగుంటుందా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ పోలిక వల్ల ఉపయోగం లేదు. లక్షద్వీప్‌లో మీరు వెళ్లేది ఎక్కువగా జనం కాపురం ఉండే ఊళ్లకు. మీరు ఈదే లగూనే వాళ్లకు చేపల చెరువు, పడవల రేవు, తుపానుకు అడ్డుగోడ. అందుకే ఇక్కడ పగడాల సంరక్షణ అంటే ఒక పూట స్వచ్ఛంద సేవ చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం కాదని నా అభిప్రాయం. కాలు ఎక్కడ పెట్టారు, కంచంలో ఏ చేప వేయించుకున్నారు, ఎన్ని బకెట్ల నీళ్లు వాడారు అన్నదాంట్లోనే సగం ఉంది. ఈ మార్గదర్శి ఆ లెక్కనే సాగుతుంది.

1. ముందు ద్వీపాన్ని ఎంచుకోండి

అన్నీ చూసేద్దామనుకుంటే రోజులన్నీ పడవల్లోనే గడిచిపోతాయి. ఒకటి లేదా రెండు ద్వీపాలు చాలు.

విమానం దిగేది అగత్తిలో. రన్‌వే ద్వీపం కొసన, రెండు వైపులా సముద్రం. లగూన్ పెద్దది, ప్రశాంతంగా ఉంటుంది. పచ్చ తాబేళ్లు బాగా కనిపిస్తాయి. మొదటిసారి స్నార్కెలింగ్ చేసేవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు ఇదే సులువు. అక్కడి నుంచి బంగారం, తిన్నకర ద్వీపాలకు పడవలో వెళ్లొచ్చు. ఆ రెండూ ఊళ్లు లేని ద్వీపాలు. నీళ్లు అద్భుతంగా ఉంటాయి కానీ ద్వీపం సంస్కృతి చూద్దామనుకుంటే అక్కడ చూడటానికి ఏమీ ఉండదు.

కడమత్ పొడుగాటి సన్న ద్వీపం, డైవింగ్ కేంద్రానికి పేరు. నీళ్లలో ఎక్కువసేపు గడపాలనుకునేవాళ్లకు బాగుంటుంది. కల్పేని లగూన్‌లో తిలక్కం, పిట్టి లాంటి చిన్న దీవులు కూడా ఉన్నాయి. 1847 నాటి పెను తుపాను పగడపు బండల్ని విసిరి కట్టిన గట్టు ఇప్పటికీ ఆ ద్వీపం తూర్పు ఒడ్డున కనిపిస్తుంది. పగడపు దిబ్బ అడ్డం లేకపోతే ఏమవుతుందో పిల్లలకు చెప్పాలంటే దాన్ని చూపిస్తే సరిపోతుంది.

మినికాయ్ సంగతి వేరు. భాష, ఇళ్లు, పడవలు అన్నీ మిగతా ద్వీపాలకు భిన్నం. సంస్కృతి కోసం ఒక్క ద్వీపమే చూడగలిగితే నేను మినికాయ్‌నే ఎంచుకోమంటాను. స్నార్కెలింగ్ కోసమే అయితే అగత్తి లేదా కడమత్. రెండూ కావాలంటే కల్పేని, కవరత్తి, మినికాయ్‌లను కలిపి తిప్పే ప్రభుత్వ ఓడ ప్యాకేజీ ఉంది. దాని పేరు సముద్రం. పగలు ద్వీపంలో, రాత్రి ఓడలో. కాకపోతే ఒక్కో ద్వీపంలో ఒక్క పగలే దొరుకుతుంది, అది నాకు తక్కువనిపిస్తుంది.

2. నెల, తిథి, పోటు వేళ చూసుకోండి

అక్టోబరు నుంచి మే మొదటి వారాల దాకా సీజన్. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, చిన్న పడవలు తిరగవు. డిసెంబరు నుంచి మార్చి దాకా నీళ్లు తేటగా, గాలి తక్కువగా ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో సముద్రం బాగా వేడెక్కుతుంది. పగడాలు వేడికి రంగు కోల్పోయి తెల్లబారేది ఎక్కువగా అప్పుడే. 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో లక్షద్వీప్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. బుక్ చేసే ముందు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వాళ్ల కోరల్ రీఫ్ వాచ్ వేడి పటాలు ఒకసారి చూడండి, అవి అందరికీ ఉచితం. ఆ పటంలో ద్వీపాల చుట్టూ ఎరుపు ముదిరి ఉంటే యాత్రను వాయిదా వేయడం మంచిది. జ్వరంతో ఉన్న రోగి చుట్టూ చుట్టాలు గుంపు కట్టినట్టే, ఆ సమయంలో మనం వెళ్లి నీళ్లు కలచడం పగడానికి ఇంకో బరువు.

క్యాలెండర్‌లో ఇంకో రెండు విషయాలు చూడాలి. ఒకటి రంజాన్. ద్వీపవాసుల్లో దాదాపు అందరూ ముస్లింలే కాబట్టి ఆ నెలలో పగటిపూట హోటళ్లు మూసి ఉండొచ్చు, పడవవాళ్లు ఉపవాసంతో ఉంటారు. వెళ్లకూడదని కాదు, సాయంత్రం ఊరు బాగా సందడిగా ఉంటుంది కూడా. తెలిసి వెళ్లాలంతే. రెండోది అమావాస్య, పౌర్ణమి. ఆ రోజుల్లో పోటు, ఆటు మధ్య తేడా ఎక్కువ. ఆటు వేళ లగూన్‌లో నీళ్లు బాగా తగ్గి పగడాల తలలు పైకి తేలతాయి. అప్పుడు ఈదితే మీ పొట్టా గీరుకుపోతుంది, పగడమూ విరుగుతుంది. పోటు ఎక్కుతున్నప్పుడు బయటి సముద్రం నుంచి తేట నీళ్లు లోపలికొస్తాయి. స్నార్కెలింగ్‌కు అసలైన వేళ అదే. అది పొద్దున పడితే ఇంకా మంచిది, గాలి లేవకముందు.

3. అనుమతి, ప్రయాణం

భారతీయులకైనా లక్షద్వీప్ వెళ్లాలంటే ప్రవేశ అనుమతి కావాలి. 1967 నాటి నిబంధనల కింద ఇది నడుస్తోంది. స్థానికుల్లో అత్యధికులు షెడ్యూల్డ్ తెగలవాళ్లు, వాళ్ల నేల, బతుకుతెరువు కాపాడటానికి పెట్టిన నిబంధన ఇది. చిరాకు పడాల్సిన పని లేదు. ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు, లేదా బస చూపించే ఆపరేటర్ పెడతారు. గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు సైజు ఫొటో, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. సర్టిఫికెట్ రావడానికి సమయం పట్టొచ్చు కాబట్టి నెల ముందే మొదలుపెట్టండి. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, టికెట్ కొనేముందే ఆపరేటర్‌ను అడగండి.

అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లల్ని తీసుకెళ్లే మన ఎన్నారై కుటుంబాలు జాగ్రత్త. విదేశీయులకు అన్ని ద్వీపాలకూ అనుమతి దొరకదు. మీ ద్వీపాన్ని దాన్ని బట్టే ఎంచుకోవాలి.

దారి కొచ్చి మీదుగానే వేసుకోండి. హైదరాబాద్ నుంచి విమానం ఉంది, సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం మీదుగా వెళ్తుంది. కొచ్చి నుంచి అగత్తికి చిన్న విమానంలో గంటన్నర. సామాను బరువుకు పరిమితి ఉంటుంది. ఓడైతే ద్వీపాన్ని బట్టి 14 నుంచి 18 గంటలు. 'స్పోర్ట్స్' (SPORTS) అనే ప్రభుత్వ పర్యాటక సంస్థ కార్యాలయం కొచ్చిలోని విల్లింగ్డన్ ఐలండ్‌లో ఉంది. ఓడ ప్రయాణం నాకు ఇష్టం. సెలవులకు ఇంటికెళ్లే విద్యార్థులు, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే పెద్దవాళ్లు, కొత్త ఫ్యాన్లూ బియ్యం బస్తాలూ... ద్వీపం జీవితం ఓడలోనే సగం అర్థమవుతుంది. చాలా ద్వీపాల దగ్గర ఓడ లగూన్ బయటే ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న పడవలోకి దిగాలి, అలల మీద ఊగుతూ ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఈ మాట ముందే ఆలోచించుకోండి.

ఏటీఎంలు కొద్దిగానే ఉన్నాయి, నగదు పెట్టుకెళ్లండి. బంగారం రిసార్ట్ తప్ప మిగతా ద్వీపాల్లో మద్యం నిషేధం. బ్యాగులో పెట్టుకెళ్లే ఆలోచన వద్దు.

4. బయలుదేరకముందే నీళ్లలో అలవాటు

పగడాలకు ఎక్కువ దెబ్బ తగిలేది ఈత రానివాళ్లు భయంతో నిలబడే ప్రయత్నం చేసినప్పుడు. గట్టిగా చెప్పాలంటే, స్నార్కెలింగ్ నేర్చుకునే చోటు పగడాల మీద కాదు. మీ ఊరి స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకోండి. రెండు మూడు వారాలు, వారానికి రెండు సార్లు చాలు.

ముందు మాస్క్. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేతులు వదిలినా అతుక్కుని ఉంటే అది మీ ముఖానికి సరిపోయింది. అంచు సిలికాన్‌ది ఉండాలి. మీసం, గడ్డం ఉన్నవాళ్లకు పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి. ఆ అంచు కింద కొద్దిగా వాజిలిన్ రాస్తే తగ్గుతుంది. కొత్త మాస్క్ అద్దం మీద కంటికి కనిపించని పూత ఉంటుంది. లోపలి వైపు టూత్‌పేస్టుతో రుద్ది కడిగితేనే మసక పోతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ ఉన్న మాస్క్ కొనుక్కోండి. అద్దె మాస్క్‌తో మసక మసకగా చూడటానికి అంత దూరం వెళ్లడం ఎందుకు?

ముఖమంతా కప్పే మాస్క్‌లు అమ్ముతున్నారు. కొత్తవాళ్లకు సౌకర్యంగా అనిపిస్తాయి కానీ కంగారులో త్వరగా తీయడం కష్టం. నేను మామూలు మాస్క్, విడి గొట్టమే సిఫార్సు చేస్తాను.

పూల్‌లో ఈ వరసలో సాధన చేయండి. మొదట గట్టు పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి గొట్టంతో నిదానంగా ఊపిరి పీల్చండి. ఊపిరి వదలడం పీల్చడం కన్నా పొడుగ్గా ఉండాలి. తర్వాత గొట్టంలోకి నీళ్లు రానిచ్చి, ఒక్కసారి గట్టిగా ఊది బయటికి చిమ్మండి. తర్వాత మాస్క్‌లోకి నీళ్లొస్తే తల కొంచెం పైకెత్తి, పై అంచు నొక్కి పట్టి, ముక్కుతో ఊది ఖాళీ చేయండి. చివరిగా, అన్నిటికన్నా ముఖ్యం: కాళ్లు కిందికి దించకుండా వెల్లకిలా తిరిగి తేలడం. భయం వేసినా, మాస్క్ సర్దుకోవాలన్నా, ఫ్రెండ్‌తో మాట్లాడాలన్నా వెల్లకిలా తేలాలి. ఇది ఒళ్లు గుర్తు పెట్టుకునేదాకా చేయండి. లైఫ్ జాకెట్ వేసుకుని కూడా ఒకసారి చేసి చూడండి, ద్వీపంలో వేసుకునేది దాన్నే.

ఫిన్స్ (ఈతకు పాదాలకు తొడిగే తెడ్లు) వేసుకుంటే కాలు తుంటి నుంచి కదలాలి. మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు తొక్కితే ఇసుక లేచి పగడాల మీద పడుతుంది. లోతు తక్కువ చోట ఫిన్స్ లేకుండా తేలడమే మంచిది.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దిగొద్దు.

సన్‌స్క్రీన్ సంగతి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న ఆందోళనతో హవాయి వాటిని అమ్మకుండా 2018లో చట్టం చేసింది, అది 2021 నుంచి అమల్లో ఉంది. సీసా మీద చూసి కొనండి. ఇంకా తేలిక మార్గం పూర్తి చేతుల స్విమ్ టీషర్టు, లెగ్గింగ్స్. ఎండ తగలదు, క్రీము వాడకం ముఖానికీ మెడకూ పరిమితమవుతుంది. ఊళ్లో ఒడ్డున తిరిగినా ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. మగవాళ్లకూ ఇదే సలహా, వీపు కాలేది అక్కడే.

5. లగూన్‌లో మొదటి రోజు

దిగిన రోజే పగడాల దగ్గరికి పరుగెత్తకండి. ఒడ్డున ఇసుక అడుగున్న చోట, నడుం లోతు నీళ్లలో అరగంట తేలండి. మాస్క్ పట్టు చూసుకోండి. ఉప్పు నీళ్లలో శరీరం పూల్‌లో కన్నా బాగా తేలుతుందని మీకే తెలుస్తుంది.

మరుసటి రోజు స్థానిక గైడ్‌తో వెళ్లండి. బుక్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. పడవ లంగరు ఎక్కడ వేస్తారు? ఇసుకలోనో, ముందే కట్టిన తేలుడు బుడ్డకో అంటే సరే. పగడాల మీద వేస్తామంటే వేరే వాళ్లను చూసుకోండి. ఒక గైడ్‌కు ఎంతమంది? నలుగురైదుగురు దాటితే కొత్తవాళ్లను చూసుకోవడం ఎవరి వల్లా కాదు. చేపలకు రొట్టె ముక్కలు వేసి ఫొటో తీయిస్తామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. రొట్టెకు అలవాటు పడ్డ చేప నాచు తినడం తగ్గిస్తే, ఆ నాచు పగడాల మీదే పెరుగుతుంది.

నీళ్లలో నియమాలు కొన్నే. పగడానికి కనీసం ఒక మీటరు పైన తేలండి. అంత లోతు లేకపోతే ఆ చోటు దాటండి. దేన్నీ ముట్టుకోవద్దు. పగడం రాయిలా కనిపిస్తుంది కానీ పైన పల్చటి ప్రాణమున్న చర్మం ఉంటుంది. బండలా గుండ్రంగా పెరిగే రకం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. మీరు రెండు చేతులా కౌగిలించుకోగలిగేంత బండ వయసులో మీ కన్నా పెద్దది కావచ్చు.

ముట్టుకోకపోవడం మీ మంచికీ. రాతి చేప రాయిలాగే ఉంటుంది, ముల్లు గుచ్చుకుంటే నరకం. సింహ చేపకూ విషపు ముళ్లుంటాయి. ఈ రెండిటికీ మొదటి చికిత్స భరించగలిగినంత వేడి నీళ్లలో ఆ భాగాన్ని ముంచి ఉంచడం, వెంటనే ఆసుపత్రికి వెళ్లడం. అందంగా కనిపించే శంఖాకార గవ్వల్లో కొన్ని ప్రాణాంతకంగా కుడతాయి. సముద్రపు ముళ్ల ఉండలు పగడాల సందుల్లో దాక్కుంటాయి. పగడం గీరితే చిన్న గాయమైనా మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడిగి మందు రాయండి, లేకపోతే చీము పడుతుంది.

పెద్ద ట్రిగ్గర్ చేప గూడు కాసేటప్పుడు మనుషుల మీదికి వస్తుంది. అది కాపలా కాసే జాగా పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అందుకే పైకి తేలకుండా పక్కకు ఈదిపోవాలి. ఈ చిన్న సంగతి గైడ్‌లు కూడా ఒక్కోసారి చెప్పడం మర్చిపోతారు.

లగూన్ నుంచి బయటి సముద్రానికి తెరుచుకునే కాలువలు ఉంటాయి. పడవలు వచ్చిపోయే దారులవి. ఆటు వేళ లగూన్ నీళ్లన్నీ అటే పరుగెత్తుతాయి. గైడ్ లేకుండా ఆ వైపు వెళ్లొద్దు. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లొద్దు.

6. చూస్తున్నదేమిటో తెలుసుకుని చూడండి

మొదటి ఈతలో అందరూ చేపల్ని చూస్తారు. రెండో ఈతలో పగడాన్ని చూడండి. జింక కొమ్ముల్లా విచ్చుకునేవి, బల్ల పరిచినట్టుండేవి, మెదడు ముడతల్లా ఉండేవి, పెద్ద బండల్లాంటివి. కొమ్ములవి వేగంగా పెరుగుతాయి, వేడికి ముందు చచ్చేవీ అవే. బండలు మొండివి.

పగడం ఒక చిన్న జంతువుల కాలనీ. దాని కణాల్లో సూక్ష్మమైన నాచు నివసిస్తూ ఎండలో ఆహారం తయారుచేసి పెడుతుంది. రంగు కూడా చాలావరకు ఆ నాచుదే. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కన్నా ఒక డిగ్రీ సెల్సియస్ ఎక్కువై, అది కొన్ని వారాలు కొనసాగితే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. అప్పుడే తెల్లబారుతుంది. మంచులా తెల్లగా ఉన్న పగడం ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. బూడిద, ఆకుపచ్చ నాచు పట్టి గరుకుగా కనిపిస్తే అది చనిపోయింది. ఈ తేడా తెలిస్తే మీరు చూసే దృశ్యమే మారిపోతుంది.

మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు 1998 నుంచి ఇక్కడి దిబ్బల్ని గమనిస్తున్నారు. రెండు దశాబ్దాలకు పైగా సాగిన వాళ్ల లెక్కల్లో బతికున్న పగడం విస్తీర్ణం దాదాపు సగానికి తగ్గింది. ఒక్కో వేడి దెబ్బ తర్వాత కోలుకోవడానికి కనీసం ఆరేడేళ్ల విరామం కావాలి. ఆ విరామమే ఇప్పుడు దొరకడం లేదు. కాబట్టి మీకు విరిగిన పగడపు తుక్కు పరిచిన చోట్లు కూడా కనిపిస్తాయి. టూరు ఫొటోల్లో లేనిదేదో చూశామని నిరాశ పడకండి. ఆ తుక్కు మధ్య గుండీ అంత కొత్త పగడం మొలక కనిపిస్తే గైడ్‌కు చూపించండి, వాళ్ల ముఖం చూడాలి.

చిలుక చేపను గమనించండి. దాని ముక్కు నిజంగా చిలుకదే. చచ్చిన పగడం మీది నాచును గీకి, సున్నాన్ని నమిలి, ఇసుకగా విసర్జిస్తుంది. నీళ్లలో చెవి పెడితే కటకటమని నమిలే చప్పుడు వినిపిస్తుంది. మీరు ఒడ్డున పడుకునే తెల్ల ఇసుకలో కొంత ఇలా తయారైందే.

తాబేలు కనిపిస్తే వెనక పడొద్దు, దాని పైకి వెళ్లొద్దు. ఊపిరికి పైకి రావాలి దానికి. పక్కన నిలకడగా తేలితే అదే దగ్గరికొస్తుంది. ఇక్కడో చిక్కు ఉంది. అగత్తి లాంటి చోట్ల పచ్చ తాబేళ్లు పెరిగి లగూన్ అడుగున ఉండే సముద్రపు గడ్డిని మేసేశాయి. గడ్డిలో పెరిగే చేపలు తగ్గాయని జాలర్లకు వాటి మీద కోపం. టూరిస్టుకు ముద్దొచ్చే జంతువే ఊరివాళ్లకు తలనొప్పి కావచ్చు. "తాబేళ్లు భలే ఉన్నాయి" అనేముందు "వీటివల్ల మీకేమైనా ఇబ్బందా" అని అడిగి చూడండి, మంచి సంభాషణ మొదలవుతుంది.

పరిశోధనకు ఏదైనా చేయాలనుంటే రెండు తేలిక మార్గాలు. తీసిన ఫొటోల్ని తేదీ, చోటుతో ఐనేచురలిస్ట్ (iNaturalist) అనే ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్‌లో పెట్టండి. లేదా క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం నడిపే కోరల్‌వాచ్ రంగుల పట్టిక తెప్పించుకుని, పగడాన్ని ముట్టుకోకుండా దాని రంగును పోల్చి రాసి పంపండి. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది.

7. కంచంలోకి ఏ చేప

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

లక్షద్వీప్ జాలర్లు పట్టేది ప్రధానంగా ట్యూనా, వాళ్ల మాటలో చూర. పట్టే పద్ధతి మినికాయ్‌ది, 1960ల నుంచి మిగతా ద్వీపాలకూ పాకింది. తెల్లవారుజామున లగూన్‌లో, పగడాల దగ్గర తిరిగే చిన్న చిన్న చేపల్ని వలతో పట్టి, పడవ అడుగున సముద్రపు నీళ్లు పారే అరలో బతికించి ఉంచుతారు. బయటి సముద్రంలో ట్యూనా గుంపు కనిపించగానే ఆ ఎరను చల్లి, నీళ్లు చిమ్ముతారు. వాన పడ్డట్టు కలకలం లేస్తుంది. వరసగా నిలబడ్డ మనుషులు గెడలతో, ముల్లు వెనక్కి తిరగని గాలాలతో ఒక్కో చేపనూ ఎగరేసి వెనక్కి పడేస్తారు. పెద్ద వల లేదు కాబట్టి అక్కర్లేని చేపలు, తాబేళ్లు చిక్కడం చాలా తక్కువ.

ఇప్పుడు గొలుసు చూడండి. పగడం ఉంటే ఎర చేప, ఎర ఉంటే ట్యూనా, ట్యూనా ఉంటే జనం పగడాల దగ్గరి చేపల జోలికి పెద్దగా పోరు. దశాబ్దాలుగా ఈ దిబ్బల్ని కాపాడింది ఈ తిండి అలవాటే. వేడి దెబ్బ తిన్న దిబ్బ మళ్లీ లేవాలంటే నాచు మేసే చిలుక చేపలు, వాటిని అదుపులో ఉంచే గ్రూపర్లనే వేట చేపలు అక్కడే ఉండాలి. టూరిస్టులు వచ్చి "రంగు రంగుల చేప వేయించండి, గ్రిల్ చేయండి" అని అడిగితే గొలుసు తెగేది అక్కడే.

కాబట్టి ట్యూనానే అడగండి. చూర కూర అన్నంలోకి, లేదా కొబ్బరి తురుముతో ట్యూనా పొడిగా చేసే వేపుడు. మాస్ అని ఉడకబెట్టి, పొగపెట్టి, ఎండబెట్టిన ట్యూనా చెక్క ముక్కలా గట్టిగా ఉంటుంది. మన ఎండు చేపల పులుసు ఇష్టపడేవాళ్లకు ఇది వెంటనే నచ్చుతుంది. చిలుక చేప, గ్రూపర్ ఉన్నా వద్దనండి. శాకాహారులకు అన్నం, పప్పు దొరుకుతాయి, కూరగాయలు మాత్రం ఓడలో రావాల్సిందే, ముందు చెప్పి ఉంచండి. బియ్యప్పిండి, గుడ్డుతో వేసే పల్చటి కిళంజిని కొబ్బరి పాలు, బెల్లంతో తింటారు. దొరికితే వదలకండి.

8. ఊళ్లోకి వెళ్లే పద్ధతి

మినికాయ్ తప్ప మిగతా ద్వీపాల్లో మాట్లాడేది జెసరి, మలయాళం యాస. మినికాయ్‌లో మహల్, అంటే మాల్దీవుల ధివేహి భాష, కుడి నుంచి ఎడమకు రాసే తానా లిపిలో. చదువుకున్నవాళ్లతో హిందీ, ఇంగ్లిష్ నడుస్తాయి.

ఆస్తి తల్లి వైపు నుంచి వచ్చే సంప్రదాయం ఇక్కడిది. తరవాడు (తల్లి వరసలో సాగే ఉమ్మడి కుటుంబం) ఆస్తిని శుక్రవారం ఆస్తి అని, సొంతంగా సంపాదించుకున్నదాన్ని సోమవారం ఆస్తి అని పిలవడం పాత పద్ధతి. దీని గురించి పెద్దవాళ్లను అడిగితే ఎవరి ఇల్లు ఎవరిదో వరసలతో సహా చెబుతారు, ఓపిగ్గా వినాలి. మినికాయ్‌లో ప్రతి గ్రామానికీ మగ పెద్ద బొడుకాక, ఆడ పెద్ద బొడుతాత ఉంటారు. గ్రామానికి వెళ్తే ముందు వాళ్ల అనుమతితో వెళ్లేలా గైడ్‌ను ఏర్పాటు చేయమనండి. 1885 నాటి లైట్‌హౌస్ ఎక్కితే లగూన్ మొత్తం, దిబ్బ అంచున తెల్లగా విరిగే అల కనిపిస్తాయి. లావా నృత్యం కూడా మినికాయ్‌దే. మిగతా చోట్ల కోల్‌కళి, కత్తి డాలుతో పరిచకళి. టూరిస్టుల కోసం సాయంత్రం ఏర్పాటు చేసేవి చూడండి, కానీ పండగకో పెళ్లికో ఆడేది చూసే అవకాశం వస్తే అది వేరు.

నన్నడిగితే నృత్యం కన్నా కొబ్బరి పీచు పని చూడమంటాను. కోనసీమలో పీచు తాళ్లు చూసినవాళ్లకు ఇక్కడి పద్ధతి ఆసక్తిగా ఉంటుంది. కొబ్బరి డొక్కల్ని లగూన్ ఒడ్డున ఇసుక గుంతల్లో నెలల తరబడి నానబెట్టి, ఆడవాళ్లు కొట్టి పీచు తీసి పేనతారు. కవరత్తిలో ఉజ్రా మసీదు చెక్కడాలు చూడదగ్గవి. ఒళ్లు కప్పే బట్టలు, నమాజు లేని వేళ, అడిగి లోపలికి.

ఆడవాళ్లను, పిల్లలను అడక్కుండా ఫొటో తీయకండి. డ్రోన్‌కు అనుమతి కావాలి. ఊరున్న ద్వీపంలో బికినీ వద్దు. శుక్రవారం మధ్యాహ్నం పడవ ట్రిప్ పెట్టుకోవద్దు. హోమ్‌స్టే దొరికితే తీసుకోండి. డబ్బు నేరుగా ఇంటికే వెళ్తుంది, రాత్రి భోజనం దగ్గర మాటలు దొరుకుతాయి.

9. నీళ్లు, చెత్త

ద్వీపం కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పల్చటి పొరలా తేలుతుంటాయి. ఎక్కువ తోడితే ఉప్పు ఎక్కుతుంది. ఇళ్ల మురుగు ఇంకితే ఇసుకలోంచి లగూన్‌లోకే చేరుతుంది. అందుకే 2005లో కవరత్తిలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లోతు నుంచి చల్లటి నీళ్లు తెచ్చి ఉప్పు తీసే ప్లాంటు పెట్టింది, రోజుకు లక్ష లీటర్లు. తర్వాత మినికాయ్, అగత్తిలోనూ పెట్టారు. మీ వంతు బకెట్ స్నానం, ఈత నుంచి వచ్చాక రోజుకొకసారే. తువ్వాలు రోజూ మార్చమనొద్దు.

చెత్తకు పోయే దారి లేదు. బ్యాటరీలు, షాంపూ ప్యాకెట్లు, పిల్లల డైపర్లు, స్నాక్స్ కవర్లు అన్నీ ఒక సంచిలో వేసుకుని కొచ్చికి తెచ్చుకోండి. ఇంటి నుంచి వెళ్లేటప్పుడే ప్యాకింగ్ కవర్లు తీసేసి డబ్బాల్లో సర్దుకుంటే ఆ సంచి చిన్నదవుతుంది.

10. తిరుగు ప్రయాణంలో

పగడం ముక్క, చచ్చినదైనా, జేబులో వేసుకోవద్దు. గట్టి పగడాలు, సముద్ర దోసకాయలు (దోసకాయలా కనిపించే సముద్ర జీవులు), ఆల్చిప్పల్లాంటి పెద్ద క్లామ్‌లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానంగా. సముద్ర దోసకాయల దొంగ వేట ఇక్కడ పెద్ద సమస్య. వాటి కోసమే 2020లో చెరియపాణి అనే దిబ్బ దగ్గర 239 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ప్రకటించారు. "ఒడ్డున దొరికింది" అన్న మాట బ్యాగు తనిఖీలో పనికిరాదు. గవ్వలదీ అదే దారి, ఏది రక్షిత జాతో మనకు గుర్తుపట్టడం కష్టం.

కొనాలనుంటే కొబ్బరి బెల్లం, కొబ్బరి వెనిగర్, మాస్ కొనండి. మాస్‌ను రెండు కవర్లలో గట్టిగా కట్టించుకోండి, విమానంలో పక్కవాళ్లు మిమ్మల్నే చూస్తారు. స్నార్కెల్ సామాను ద్వీపంలో మంచినీళ్లతో కడక్కండి, అక్కడి నీళ్లు అక్కడివాళ్లకు ఉంచండి. తడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుని, కొచ్చి హోటల్లో నానబెట్టి కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే సిలికాన్ పసుపెక్కి గట్టిపడుతుంది.